రొట్టె బొమ్మ కాగితం

“ఇది కరపత్రమా, కోర్టు నోటీసా చెల్లెమ్మా?” అంటూ అచ్చుకొట్టు నబీజాన్ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. “చదువుతుంటే నాకే జ్వరం వచ్చేలా ఉంది.”

సబోహత్‌కి ఒళ్లు మండింది. ఆ నాలుగు వాక్యాల కోసం మూడు రోజులు తల బద్దలు కొట్టుకుంది. ‘పరిమిత సామర్థ్యములు గల బాలబాలికల సాంఘిక పునరావాస కేంద్రము’ అని మొదలుపెట్టి ‘సంప్రదించగలరు’ అని ముగించింది. పెద్ద సంస్థల కాగితాలన్నీ అలాగే ఉంటాయి మరి.

“మీరు అచ్చు వేయండి అకా, చాలు. దిద్దించుకోడానికి నేను బడిపిల్లనా?” అంది. అన్నయ్యని అక్కడ ‘అకా’ అంటారు.

“వేస్తాను, నాదేం పోయింది! నిన్ననే ఒకాయన అరవై ఏళ్ల పండక్కి ఇరవై ఏళ్లనాటి ఫొటో ఇచ్చి బ్యానరు వేయించుకున్నాడు. వేశాను. కానీ ఇది ఎవరు చదవాలని?”

ఎవరు చదవాలి? అదే కదా సబోహత్ గుండెల మీది బరువు. ఖుజంద్‌లో పంజ్‌షంబే బజారు వెనక, మూతబడ్డ కిండర్‌గార్టెన్‌లో రెండు గదులు, ఒక పెరడు. దాని పేరు ‘నిహోల్’, అంటే లేతమొక్క. నడవలేని పిల్లలు, మాటలు రాని పిల్లలు, వయసుకి తగ్గట్టు మనసు ఎదగని పిల్లలు పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉంటారు. ఉన్నది పట్టుమని తొమ్మిది మంది. సోమవారం నగర కార్యాలయం నుంచి మనిషి వచ్చి లెక్కపెడుతుంది. పదిహేను మంది లేకపోతే గదులు ఖాళీ చేయాలి. ఆ తొమ్మిది మందీ మళ్లీ ఇళ్లలో గోడల వైపు చూస్తూ కూర్చోవాలి.

ఊళ్లో అలాంటి పిల్లలు లేక కాదు. సందుల్లో నడుస్తుంటే ఎప్పుడూ తెరుచుకోని కిటికీ వెనక ఎవరో ఒకే రాగం తీస్తుంటారు. తలుపు కొడితే “మాకు ఇద్దరే పిల్లలు, ఇద్దరూ బడికెళ్లారు” అంటుంది తల్లి. రాగం టక్కున ఆగిపోతుంది.

“మెట్లున్నాయా?” అన్నాడు నబీజాన్.

“ఏంటి?”

“మీ గుమ్మానికి. మెట్లున్నాయా అని.”

“లేవు. ఏటవాలు పలక వేయించాం.”

“మరి రాయవేం? అన్నం తనంతట తాను తినలేని పిల్లయితే?”

“మా వంటావిడ ముహయ్యో ఖోలా తినిపిస్తుంది. అకా, బజారు రేపే...”

“అరిస్తే? గట్టిగా అరిచే పిల్లలుంటారుగా, ఇంటికి పంపించేస్తారా?”

“మా దగ్గర అందరూ అరుస్తారు! అందరికన్నా గట్టిగా ఖోలా అరుస్తుంది.”

నబీజాన్ నవ్వలేదు. చొక్కా అంచుతో కళ్లజోడు తుడిచాడు, తుడిచిందే మళ్లీ తుడిచాడు. “వెనక నుంచి దారి ఉందా? వీధిగుమ్మం కాకుండా.”

ఈయన చాదస్తం తగలెయ్య అనుకుంది సబోహత్. పెళ్లి కార్డుల వాళ్లని కూడా ఇలాగే పీక్కుతింటాడేమో. “వెనక సందులో చిన్న తలుపొకటి ఉంది. దానికి అడ్డంగా ఖోలా తందూరు కోసం తెచ్చిన పత్తికట్టె కొండంత పడుంది.”

“తీసేయించు. నీ ఇల్లు నీకు తెలుసు చెల్లెమ్మా, చదివేవాడికి తెలీదు. వాడు నోరు తెరిచి అడగలేడు. అందుకని నేనడుగుతున్నా.” అంటూనే కీబోర్డు ముందుకు లాక్కుని, రెండు వేళ్లతో టకటకా కొట్టాడు. సబోహత్ వెనక నిలబడి చదివింది.

‘మీ ఇంట్లో బడికి వెళ్లలేని బిడ్డ ఉందా? మా దగ్గరికి తీసుకురండి. మెట్లు లేవు. అన్నం తినిపిస్తాం. అరిస్తే ఏమీ అనుకోం. వెనక సందులో చిన్న తలుపుంది. పగలంతా గడియ తీసే ఉంటుంది. ఎవరూ ఏమీ అడగరు.’

కింద చిరునామా, ఫోను నంబరు. అంతే. సబోహత్‌కి తన ‘సంప్రదించగలరు’ పోయినందుకు కాస్త బాధేసింది కానీ, వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

“ఫొటో?” అన్నాడు.

ఫొటో సంగతి మరో రామాయణం. పిల్లల ముఖాలు వేయడానికి ఒక్క తల్లీ ఒప్పుకోలేదు. మునీస తల్లయితే చేతులు పట్టుకుంది. “వద్దు చెల్లీ, పెద్దదానికి సంబంధాలు చూస్తున్నాం. దీని ముఖం బజారంతా తిరిగితే ఇక మా గడప ఎవరు తొక్కుతారు?” అందుకని ముఖం లేకుండా, మునీస చేతులు మాత్రం తీసింది. పిండి అంటుకున్న రెండు పొట్టి చేతులు, అప్పుడే తందూరులోంచి తీసిన రొట్టెని పట్టుకుని ఉన్నాయి. రొట్టె మధ్యలో సూదుల ముద్రతో గుచ్చిన పువ్వు. ఆ పువ్వు గుచ్చడం మునీసకి నేర్పడానికి ఖోలాకి ఏడాది పట్టింది.

నబీజాన్ ఆ ఫొటోని చాలాసేపు చూశాడు.

“మూలకి చిన్నదిగా వేయండి, అరచేయంత,” అంది సబోహత్.

“సరే, చూద్దాం,” అన్నాడాయన.

సాయంత్రం కట్ట తీసుకోవడానికి వెళ్తే, కాగితానికి ఒకవైపు అక్షరాలు, రెండోవైపు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా రొట్టె. ఎర్రగా కాలి, పైన నల్లజీలకర్ర గింజలతో, తాకితే చెయ్యి కాలేలా ఉంది.

“అకా! అరచేయంత అన్నానుగా!”

“రంగు మిగిలింది,” అన్నాడు నబీజాన్, ఆమె వైపు చూడకుండా. “వెనకవైపు తెల్లగా వదిలేస్తే బోసిగా ఉంటుంది. బాగుందా, బాలేదా?”

బాగుందని ఒప్పుకోక తప్పలేదు.

*

గురువారం. పంజ్‌షంబే అంటేనే గురువారం, బజారు పేరే అది. చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడే దిగుతాయి. సబోహత్ ఐదువందల కాగితాలు చంకన పెట్టుకుని ఎండు ఆప్రికాట్ల వరస మొదట్లో నిలబడింది. ఎండు ఆప్రికాట్లంటే అక్కడ బంగారమే, ఖుజంద్‌లో ఏ అతిథికైనా ముందు వాటినే పెడతారు. అందుకని జనం అక్కడే ఎక్కువ.

మొదట చేయి చాపినవాడు కాగితం చూడకుండానే దాంట్లో వేరుశనగ గింజలు పోయించుకోబోయాడు. వెనక రొట్టె బొమ్మ చూసి నాలిక కరుచుకుని తిరిగిచ్చేశాడు. రెండో ఆమె, పట్టు అట్లస్ గౌను వేసుకున్న పెద్దావిడ, నవ్వుతూ తీసుకుంది. మొదటి వాక్యం చదివింది. నిప్పు ముట్టుకున్నట్టు చేయి విదిల్చింది.

“నాకెందుకిస్తున్నావ్? మా ఇంట్లో అలాంటివాళ్లు ఎవరున్నారని?”

“ఉన్నారనలేదు ఆపా, అందరికీ ఇస్తున్నాను...”

“అందరికీ ఇస్తే నా వెంట ఎందుకు పడ్డావ్? ఎవరు చెప్పారు నీకు? ఆ పక్కింటి హోసియత్ చెప్పిందా? దాని నోట్లో నువ్వుగింజ నానదు!”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది వరస. చుట్టూ నలుగురు పోగయ్యారు. ఆ నలుగురూ చూస్తుండగా ఆ కాగితం పట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది? పట్టుకుంటే ఇంట్లో ఉన్నట్టే లెక్క. హల్వా అమ్మే కుర్రదీ వద్దంది, కత్తుల దుకాణం ముసలాయనా వద్దన్నాడు. ఒకామె మాత్రం మూడుసార్లు అటూ ఇటూ తిరిగింది. ప్రతిసారీ సబోహత్ చేతిలోని కట్ట వైపు చూసింది, మూడోసారి చేయి సగం దాకా చాపింది కూడా. ఇంతలో ఎవరో “ఏం జులయ్‌ఖో, కొత్తిమీర కొన్నావా?” అని పలకరించారు. చెయ్యి కొత్తిమీర మీదికి పోయింది.

మధ్యాహ్నం రెండయ్యేసరికి కట్టలోంచి కదిలినవి పదో పన్నెండో.

అప్పుడే ముహయ్యో ఖోలా వచ్చింది. నలభై ఏళ్లు ఆసుపత్రి వంటశాలలో పనిచేసి, రిటైరై, “ఇంట్లో కూర్చుంటే కోడలితో తగువు” అంటూ నిహోల్ మొదలుపెట్టిన మనిషి. ఊరందరికీ పిన్ని. నెత్తిన రొట్టెల గంప.

“ఎన్నిచ్చావే?” అని అడుగుతూనే పై కాగితం తిరగేసింది. ముఖం పాలిపోయింది. “ఇదేంటి? రొట్టె వేయించావా? చేతుల్లో పెట్టి పంచే కాగితం మీద రొట్టె వేయిస్తారుటే ఎవరైనా?”

“బొమ్మే కదా ఖోలా...”

“బొమ్మకి పువ్వు లేదా? గింజ లేదా? తీసుకున్నవాడు నాలుగడుగులేసి పారేస్తాడు. ఆ వెనకొచ్చేవాడు తొక్కుతాడు. మా అమ్మ నేలమీద రొట్టెముక్క కనిపిస్తే కళ్లకద్దుకుని గోడమీద పెట్టేది. నువ్వు ఐదువందల రొట్టెలు బురదలో పోయిస్తావా! ఇటివ్వు, ఒక్కటి కూడా...”

ఇటివ్వు అని ఆమె లాగడం, ఇస్తున్నా అని ఈమె వదలడం, సరిగ్గా అప్పుడే గాలి రావడం. ఖుజంద్ గాలికి వేళాపాళా లేదు. నది మీదుగా వచ్చిందంటే గుడారాలే లేచిపోతాయి, కాగితాలెంత? చూస్తుండగా బజారు మీద రొట్టెలు ఎగిరాయి. పుచ్చకాయల మీదికి, టాక్సీల మీదికి, వంతెన వైపుకి, వెనక సందుల్లోకి. ముహయ్యో ఖోలా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, ఉన్నచోటే కూలబడింది. గంపలో రొట్టెలు మాత్రం పడనివ్వలేదు.

*

ఖోలా ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. శుక్రవారం తెల్లారగానే గోనెసంచీతో సబోహత్ ఇంటిముందు ప్రత్యక్షమైంది.

“పద. ఒక్కటి వదలకుండా ఏరాలి. నువ్వు చేసిన పాపం, నేనూ మోస్తాను.”

మొదట బజారుకెళ్లారు. అక్కడ పనివాళ్లు చీపుళ్లు పట్టుకుని ఊడుస్తున్నారు, చెత్తలో ఉల్లిపొట్టు, సిగరెట్ పెట్టెలు, పొద్దుతిరుగుడు గింజల తొక్కలు. రొట్టె కాగితం ఒక్కటి లేదు. మురుగుకాలవ వెంట నడిచారు. లేదు. టాక్సీ స్టాండు దగ్గర టైర్ల కింద వంగి చూశారు. డ్రైవరొకడు “ఏం పోగొట్టుకున్నావ్ ఖోలా, వయసా?” అన్నాడు. “నీ బుద్ధి పోతే వెతికిపెడుతున్నా” అంది ఆమె, వంగే ఉండి.

నడుము పట్టుకుని లేస్తూ ఖోలా తలెత్తింది. అలాగే ఉండిపోయింది.

“సబోహత్. పైకి చూడు.”

టాక్సీ స్టాండు గోడ ఇటుకల సందులో ఒక కాగితం. రొట్టె బయటికి కనిపించేలా పొందిగ్గా మడతపెట్టి ఉంది. మల్బరీ చెట్టు కొమ్మల పంగలో ఇంకోటి. టీకొట్టు వాడి అల్మరాలో, టీ గిన్నెల మీద ఇంకోటి. వీధి కుళాయి గట్టుమీద ఎగరకుండా రాయి పెట్టి ఒకటి. మసీదు దగ్గర చెప్పులు విడిచే చోట, అన్నిటికన్నా పై అరలో నాలుగు. పుచ్చకాయల కాసిం తన తరాజు మీద ఒకటి అతికించుకున్నాడు. “నేలమీద పడుంది, రొట్టె కదా ఖోలా, ఎలా వదిలేస్తాను? తీసి పెట్టినప్పటి నుంచీ బేరాలు కూడా బాగున్నాయి,” అన్నాడు.

ఊరు ఊరంతా ముందురోజు సాయంత్రం వంగి, తీసి, కళ్లకద్దుకుని, ఎత్తైన చోట పెట్టింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఖోలా పమిట లాంటి తలగుడ్డతో కళ్లు తుడుచుకుని, ఆ వెంటనే పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

“నేను ఏడుస్తూ పడుకున్నానే! వీళ్లమీద నమ్మకం లేక!”

“ఇప్పుడు ఏరాలా వద్దా?”

“ఎందుకు? నాకన్నా శుభ్రంగా పెట్టారు.”

సబోహత్‌కి మాత్రం నవ్వు రాలేదు. గోడల్లో దూర్చిన కాగితం వల్ల పాపం తప్పుతుందేమో కానీ పిల్లలు వస్తారా? తొమ్మిది తొమ్మిదే. శనివారం ఊరికే కూర్చోలేక పత్తికట్టె సర్దింది. కట్టలు కట్టి, ఒక్కొక్కటీ మోసి, పెరటికి ఆ చివర పేర్చింది. చేతులు గీరుకుపోయాయి. వెనక తలుపు తుప్పు పట్టి రాలేదు. నూనె పోసి, భుజం ఆనించి తోస్తే కిర్రుమని తెరుచుకుంది. కాగితంలో మాటిచ్చారు కాబట్టి తెరవాలి అనుకుంది, ఎవరూ రాకపోయినా సరే.

ఆదివారం ఇంటికి వెళ్తూ టాక్సీ స్టాండు గోడ వైపు చూసింది. ఇటుకల సందు ఖాళీ. మల్బరీ కొమ్మల్లోదీ లేదు. కుళాయి గట్టుమీద రాయి ఉంది, కాగితం లేదు. గాలి పట్టుకుపోయిందేమో అనుకుంది. కానీ ఆ రెండు రోజులూ ఆకు కదల్లేదు.

*

సోమవారం పొద్దున ఎనిమిదింటికే వెనక తలుపు కిర్రుమంది.

ఒక ముసలామె. చేతిలో నాలుగు మడతల కాగితం. “నేను ఎవరినీ చేర్చడానికి రాలేదమ్మా,” అంది రాగానే. “కుళాయి దగ్గర రొట్టె పడుంటే తీశాను. ఎవరిదో వాళ్లకి ఇచ్చేద్దామని.” ఆమె గౌను వెనక నుంచి ఎనిమిదేళ్ల మనవడు తొంగి చూస్తున్నాడు. నోట్లో వేలు, కళ్లలో ప్రపంచమంతా.

“మంచిపని చేశారు బీబీ,” అంది ఖోలా, ఎవరు నేర్పారో గానీ. “ఇంతదూరం వచ్చారు, టీ తాగి వెళ్లండి. బాబు అలా ఆడుకుంటాడు.”

పావుగంటలో ఇంకొకామె. ఎవరో కాదు, కొత్తిమీర కొన్న జులయ్‌ఖో. వీపున ఏడేళ్ల కూతురు. “మా పెరట్లో పడింది ఈ రొట్టె. పొయ్యిలో వేయలేను, చెత్తలో వేయలేను.” ఆ తర్వాత తండ్రీ కొడుకులు. తండ్రి కాగితాన్ని టోపీలో పెట్టుకొచ్చాడు, అంతకన్నా ఎత్తైన చోటు దొరకలేదన్నాడు. పదకొండింటికి అట్లస్ గౌను పెద్దావిడ వచ్చింది. సబోహత్ ముఖం చూసి ఆగింది. “ఏం చూస్తావ్? రొట్టె కాబట్టి వచ్చాను. లేకపోతే నీ ముఖం ఎవరు చూస్తారు?” అంటూ, గోడ పక్కన నక్కి ఉన్న మనవరాలి చేయి పట్టుకుని ముందుకు లాగింది. “దీనికి పేలాలంటే ఇష్టం. ఉప్పు వేయకండి.”

ప్రతి ఒక్కరి దగ్గరా ఖోలా కాగితం తీసుకుని, నుదుటికి ఆనించి, తందూరు పక్క గూట్లో పెట్టింది. అట్లస్ గౌను ఆమె వెనకే ఇంకో తల్లి, ఇంకో కాగితం, ఇంకో బాబు. మధ్యాహ్నానికి గూట్లో ఐదు కాగితాలు, పెరట్లో పద్నాలుగు మంది పిల్లలు, పద్నాలుగు రకాల అరుపులు.

నగర కార్యాలయం నుంచి వచ్చినామె చక్కని మనిషే, కానీ లెక్క దగ్గర ఉడుం పట్టు. వేలితో చూపిస్తూ రెండుసార్లు లెక్కపెట్టింది.

“పద్నాలుగు.”

“ఒకటే కదమ్మా తక్కువ!” అంది సబోహత్.

“నాకు తెలుసు ఆపా. నాకూ మనసుంది. కానీ పద్నాలుగుని పదిహేనని రాయమంటారా?” ఆమె ఫైలు తెరిచింది.

“రాద్దువుగాని,” అంది ముహయ్యో ఖోలా. “ముందు కూర్చో. రొట్టె తుంచాను, ముట్టకుండా లేస్తే నా తందూరు ఏడుస్తుంది.” తుంచిన రొట్టె ముందు నుంచి లేచివెళ్లే ఆడది ఖుజంద్‌లో ఇంకా పుట్టలేదు. ఆమె కూర్చుంది. ఖోలా టీ గిన్నెలో రెండు గుక్కలే పోసింది. గౌరవనీయులైన అతిథికి తక్కువే పోయాలి, మళ్లీ మళ్లీ పోయొచ్చు. మళ్లీ పోసింది. మళ్లీ పోసింది. వాళ్లమ్మ ఏ ఊరిది అని అడిగింది, వాళ్లమ్మమ్మది అడిగింది. నాలుగో తరానికి వెళ్లేసరికి ఆ మనిషికి తల ప్రాణం తోకకొచ్చింది. “ఖోలా, ఇక నిజంగా చాలు,” అంటూ గిన్నె బోర్లించి కలం తీసింది.

వెనక తలుపు కిర్రుమంది.

నబీజాన్ నిలబడి ఉన్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. పదిహేను, పదహారేళ్ల అమ్మాయి, అచ్చం ఆయన పోలికే, ఆయన భుజం మీద బరువంతా వేసి, ఒక కాలు ఈడుస్తూ, ఆ అరుపులన్నీ వింటూ నోరు తెరిచి నవ్వుతోంది. చొంగ కారుతుంటే ఆయన చొక్కా అంచుతో తుడిచాడు, కళ్లజోడు తుడిచినట్టే.

సబోహత్‌కి పదేళ్లుగా తెలిసిన మనిషి. తల్లితో ఉంటాడని, మరెవరూ లేరని ఊరంతా అనుకునే మనిషి.

ఆయన జేబులోంచి కాగితం తీశాడు. మడత లేదు, మట్టి మరక లేదు. ఇంకా రంగు వాసన వేస్తోంది.

“ఇది... మా వాకిట్లో పడింది చెల్లెమ్మా,” అన్నాడు నేల చూపులు చూస్తూ. “గాలికి వచ్చినట్టుంది. రొట్టె కదా. ఎవరైనా తొక్కుతారేమోనని తెచ్చాను.”

సబోహత్ రెండు చేతులతో కాగితం అందుకుని, నుదుటికి ఆనించి, గూట్లో అన్నిటికన్నా పైన పెట్టింది.

“మంచిపని చేశారు అకా.”

“పదిహేను!” అని అరిచింది ముహయ్యో ఖోలా, తందూరు దగ్గర నుంచి, వీధి చివరిదాకా వినిపించేలా. కార్యాలయం మనిషి వంగి రాసుకుంది.

అమ్మాయి తలుపు దగ్గరే ఆగిపోయింది. ముందుకు వేసిన కాలు వెనక్కి తీసుకుని, నేల వైపు అనుమానంగా చూస్తోంది. సబోహత్ వెళ్లి రెండో చేయి పట్టుకుంది.

“రా తల్లీ. మెట్లు లేవు.”